పికప్‌కు పెద్ద ఇంజిన్ కావాలా? కొనే ముందు వేసుకోవలసిన లెక్క

బరంపురం, ఛత్రపురం, ఆస్కా, హింజిలికాటు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి వ్యాపారమే ఆధారం. కిరాణా, అప్పడాలు, ఊరగాయలు, పట్టు, చేపలు, కూరగాయలు, సిమెంటు, ఇనుము, ఏ వ్యాపారమైనా సరుకు కదలాలంటే బండి కావాలి. వెనుక కిరాయి టెంపోలతో నడిపించుకున్న ఇళ్లలో ఇప్పుడు పిల్లలు సొంత పికప్ కొందామంటున్నారు. మంచిదే. అయితే షోరూంకు వెళ్లగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "మామూలు ఇంజిన్ తీసుకుంటారా, ఎక్కువ పవర్ ఉన్నది తీసుకుంటారా?" రెండింటికీ ధరలో తేడా ఉంటుంది. ఆ తేడా పెట్టడం దండగా, పెట్టుబడా అని మన సంఘం ఆఫీసులో తరచు అడుగుతున్నారు. కొందరు ఇంటి కాగితాలు, ఆడవాళ్ల బంగారం తాకట్టు పెట్టి కొంటున్నారు. కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా రాయడం అవసరమని భావించాం.

ముందుగా ఒక మాట. మేము ఏ కంపెనీ తరఫునా చెప్పడం లేదు. పేర్లు ఉదాహరణ కోసమే.

హార్స్ పవర్ వేరు, టార్క్ వేరు, లోడు వేరు

షోరూంలో మూడు అంకెలు చెబుతారు. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది టార్క్. చక్రాన్ని తిప్పే బలం. దీన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. నిలబడ్డ బండి లోడుతో కదలడానికి, ఘాటు మీద గేరు దించకుండా ఎక్కడానికి పనికొచ్చేది ఇదే.

రెండవది హార్స్ పవర్. ఆ బలాన్ని ఎంత వేగంగా వాడగలదో చెప్పే అంకె. బరువుతో వేగంగా పోవాలంటే ఇది కావాలి.

మూడవది పేలోడ్. చట్టం ప్రకారం బండి మోయదగిన సరుకు బరువు. బండి బరువు, సరుకు బరువు కలిపి మొత్తం ఎంత ఉండవచ్చో ఆర్‌సీలో రాసి ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ఇంజిన్ పెద్దదైతే లోడు ఎక్కువ వేయవచ్చు అనుకుంటారు. అలా కాదు. లోడు ఎంత వేయాలో నిర్ణయించేది చాసిస్, పట్టీలు, యాక్సిల్, బ్రేకులు, టైర్లు. పేలోడ్ ఒకటే ఉండి ఇంజిన్ మాత్రం బలమైనదైతే, కిరాయి ఒక్క రూపాయి కూడా పెరగదు. ఎక్కడం సులువవుతుంది, అంతే.

మార్కెట్లో ఉన్న ఉదాహరణలు

మహీంద్రా 2023 ఏప్రిల్‌లో తెచ్చిన బొలెరో మాక్స్ పికప్ శ్రేణిలో డీజిల్ ఇంజిన్ ఒకటే రకం. అదే ఇంజిన్‌ను రెండు బలాల్లో ఇస్తారు. ఒకటి 52.2 కిలోవాట్లు, 200 న్యూటన్ మీటర్లు. రెండవది 59.7 కిలోవాట్లు, 220 న్యూటన్ మీటర్లు. మన భాషలో చెప్పాలంటే సుమారు 70 హార్స్ పవర్, 80 హార్స్ పవర్. తేడా 10 హార్స్ పవర్. టార్క్‌లో తేడా పదో వంతు. ఈ శ్రేణిలో పేలోడ్ 1.3 టన్నుల నుంచి 2 టన్నుల వరకు ఉంది.

టాటా ఇంట్రాలో వి30, వి50 రెండింటికీ ఇంజిన్ 1,496 సీసీయే. వి30 మామూలు మోడల్‌కు 70 హార్స్ పవర్, 140 న్యూటన్ మీటర్లు, పేలోడ్ 1,300 కిలోలు. వి50కు 80 హార్స్ పవర్, 220 న్యూటన్ మీటర్లు, పేలోడ్ 1,500 కిలోలు. ఇక్కడ హార్స్ పవర్ తేడా చిన్నదే కాని టార్క్ తేడా పెద్దది. సీసీ ఒకటే అయినా బలం ఇంతగా మారుతుందన్న సంగతి గమనించాలి. ఎక్కువ గాలి, దానికి తగ్గ డీజిల్ ఇంజిన్‌లోకి పంపగలిగితే అదే సైజు ఇంజిన్ ఎక్కువ లాగుతుంది. అందుకే సీసీ చూసి నిర్ణయించకూడదు.

ఇంకా పైన టాటా యోధా 2.0 ఉంది. 2022 సెప్టెంబరులో వచ్చింది. 2.2 లీటర్ల ఇంజిన్, 100 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్లు, పేలోడ్ 2,000 కిలోలు.

మన రోడ్లకు నిజంగా ఎంత పవర్ కావాలి?

ఇది కాగితం మీద లెక్క వేయవచ్చు. సరుకుతో కలిపి 3,000 కిలోల బండి అనుకుందాం.

సమతలమైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవడానికి టైర్ల రాపిడి, గాలి ఒత్తిడి కలిపి చక్రాల దగ్గర కావలసింది సుమారు 16 హార్స్ పవర్. గేర్‌బాక్స్ నష్టాలు కలిపి ఇంజిన్ నుంచి 20 అనుకోండి. నాలుగు లైన్ల హైవే మీద సరుకు బండ్లకు గరిష్ఠ వేగం 80. ఆ వేగానికి కూడా ఇంజిన్ నుంచి 35 లోపే సరిపోతుంది.

అంటే జాతీయ రహదారి 16 మీద బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస మీదుగా విశాఖ దాకా సుమారు 260 కిలోమీటర్లు పోయినా, అటు భువనేశ్వర్ దాకా సుమారు 170 కిలోమీటర్లు పోయినా, 70 హార్స్ పవర్ ఇంజిన్‌లో సగం బలం వాడకుండానే ఉంటుంది. గోపాలపురం నుంచి చేపలు, రంభ వైపు నుంచి రొయ్యలు తెచ్చేవారికి త్వరగా చేరడం ముఖ్యమే. కాని ఆ వేగానికి చిన్న ఇంజిన్ చాలు. ఆలస్యం అయ్యేది ఊళ్లలో ట్రాఫిక్ వల్ల, లోడింగ్ దగ్గర.

ఇక ఘాటు సంగతి. 15 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు ఎక్కే రోడ్డు అనుకుందాం. అదే 3,000 కిలోల బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 22 హార్స్ పవర్ కావాలి. 40 వేగంతో ఎక్కాలంటే 36. నష్టాలు కలిపితే 40 పైచిలుకు. ఇది కూడా 70 లోపలే.

మరి ఘాటు మీద బలహీనమైన ఇంజిన్ ఎందుకు ఇబ్బంది పెడుతుంది? వంపు దగ్గర వేగం తగ్గగానే ఇంజిన్ తిరుగుడు పడిపోతుంది. తక్కువ తిరుగుడులో టార్క్ లేకపోతే గేరు దించాలి, మళ్లీ ఎక్కించాలి. రోజంతా అదే పని. డ్రైవరు అలసిపోతాడు, క్లచ్ త్వరగా అరుగుతుంది. కాబట్టి ఘాటుకు పోయేవారు హార్స్ పవర్ కంటే టార్క్ అంకె, అది ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందన్న అంకె చూడాలి. 1,500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ ఇచ్చే ఇంజిన్ మన ఘాట్లకు మేలు.

డబ్బు లెక్క

రెండు బండ్ల మధ్య తేడా ఆన్‌రోడ్ మీద లక్ష రూపాయలు అనుకుందాం. ఇది లెక్క సౌలభ్యానికి పెట్టుకున్న అంకె. మీ కొటేషన్‌లో ఎంత ఉంటే అంత వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కనుక పాత ధరల కాగితాలు చూసి పోల్చవద్దు.

ఆ లక్ష కూడా అప్పులో కలుపుతారు. 10 శాతం వడ్డీతో 48 నెలలకు నెల కిస్తీ సుమారు 2,536 రూపాయలు. చివరికి కట్టేది సుమారు 1,21,700. అంటే లక్ష తేడా అన్నది నిజానికి లక్షా ఇరవై రెండు వేల తేడా.

బీమాలో ఒక ఊరట ఉంది. సరుకు బండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్‌ను బట్టి ఉండదు, మొత్తం బరువును బట్టి ఉంటుంది. 7,500 కిలోల లోపు అన్నింటికీ ఒకే స్లాబు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేటు ప్రకారం అది 16,049 రూపాయలు, దానిపై పన్ను అదనం. అయితే సొంత నష్టానికి కట్టే ప్రీమియం బండి విలువను బట్టి ఉంటుంది కాబట్టి ఖరీదైన బండికి అది కొంత పెరుగుతుంది.

ఇప్పుడు రెండు ఇళ్లను ఊహించుకుందాం.

మొదటి ఇల్లు. బరంపురం పెద్ద బజారులో అప్పడాలు, ఊరగాయలు, కిరాణా హోల్‌సేల్. బండి రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, మొత్తం 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. చిన్న ఇంజిన్ లీటరుకు 14, పెద్దది 13 ఇస్తుందనుకుంటే నెలకు 8 లీటర్ల పైచిలుకు తేడా. లీటరు 92 రూపాయల లెక్కన సుమారు 750. కిస్తీతో కలిపి నెలకు దాదాపు 3,300 రూపాయలు అదనం. దీనికి బదులు వచ్చేదేమిటి? అప్పడాల పెట్టెలతో డాలా నిండిపోతుంది కాని బరువు నిండదు. పట్టు చీరల మూటలైనా, మొగలి పూలైనా అంతే. సందుల్లో 30 వేగం దాటదు. ఈ ఇంటికి పెద్ద ఇంజిన్ వల్ల ఆదాయం సున్నా. ఆ డబ్బు పొడవైన డాలాకు పెట్టినా, మంచి టార్పాలిన్‌కు పెట్టినా లాభం.

రెండవ ఇల్లు. దారింగ్‌బాడి కొండల మీద నుంచి పసుపు, అల్లం తెచ్చి బరంపురంలో అమ్మే వ్యాపారం. దూరం సుమారు 120 కిలోమీటర్లు. రానుపోను 240. నెలకు 9 ట్రిప్పులు, 2,160 కిలోమీటర్లు. లోడుతో చిన్న ఇంజిన్ 12, పెద్దది 11 ఇస్తుందనుకుంటే నెలకు 16 లీటర్లు, సుమారు 1,500 రూపాయలు అదనం. కిస్తీతో కలిపి 4,036. పెద్ద ఇంజిన్ బండికి పేలోడ్ కూడా 200 కిలోలు ఎక్కువ అనుకుందాం. కిలోకు 2 రూపాయల కిరాయి లెక్కన ట్రిప్పుకు 400, నెలకు 3,600. ఒక వైపే లోడు దొరికితే నెలకు నాలుగు వందల పైన నష్టం. పోయేటప్పుడు కూడా బరంపురం నుంచి కిరాణా, సిమెంటు లోడు దొరికితే 7,200 వస్తుంది, మూడు వేలకు పైగా మిగులుతుంది.

చూశారా, ఘాటుకు పోయే ఇంటికి కూడా లాభనష్టాలను తేల్చింది ఇంజిన్ కాదు, తిరుగు లోడు. ఆ 200 కిలోల పేలోడ్ కూడా లేకుండా ఇంజిన్ మాత్రమే పెద్దదైతే, దొరికేది సుఖం, కొంత సమయం. సుఖానికి విలువ లేదని మేము అనం. ఇంట్లో అబ్బాయే వారానికి రెండుసార్లు కళింగ ఘాటో, తప్తపాణి ఘాటో ఎక్కి దిగుతుంటే, అలసట తగ్గడం చిన్న విషయం కాదు. కాని అది ఖర్చు అని తెలిసి పెట్టాలి. ఆదాయం అనుకుని పెట్టకూడదు.

ఓవర్‌లోడ్ అనే ఉచ్చు

"ఇంజిన్ లాగుతోంది కదా" అని డాలా నింపేయడం బలమైన బండ్ల యజమానులకు వచ్చే పెద్ద జబ్బు. మోటారు వాహన చట్టం 194 సెక్షన్ కింద ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా, దానిపై ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000, పైగా సరుకు దింపించే ఖర్చు. ఒక్కసారి పట్టుబడితే పైన చెప్పిన అదనపు కిస్తీ దాదాపు 8 నెలలది పోయినట్టే.

జరిమానా కంటే ముఖ్యం ప్రాణం. ఎక్కేటప్పుడు ఇంజిన్ పని చేస్తుంది, దిగేటప్పుడు బ్రేకులు పని చేయాలి. 1,300 కిలోలకు చేసిన బ్రేకులు 2,000 కిలోలతో ఘాటు దిగితే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, అది ఇప్పటికీ సరైనదే. ఇంజిన్‌కు పెట్టే డబ్బులో కొంత టైర్లకు, బ్రేక్ లైనర్లకు పెట్టిన ఇల్లు నిశ్చింతగా నిద్రపోతుంది. ఓవర్‌లోడ్‌తో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా అభ్యంతరం పెట్టవచ్చు.

కాగితాల సంగతి

బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కరలేదు. పైన చెప్పిన వి50 మొత్తం బరువు 2,940 కిలోలు, ఆ హద్దు లోపలే. 2 టన్నులు మోసే పికప్ తీసుకుంటే ఆ హద్దు దాటుతారు. పర్మిట్ ఖర్చు, తిరుగుడు అదనం. ముఖ్యంగా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నిత్యం సరిహద్దు దాటే మనవాళ్లు, ఆంధ్రలో నడపడానికి కావలసిన పర్మిట్, పన్ను వివరాలు కొనే ముందే ఆర్‌టీవో ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

లైసెన్సు గురించి భయం అక్కరలేదు. ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవారు బండి, సరుకు కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనం నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. కొత్త బండికి ఫిట్‌నెస్ 8 ఏళ్ల వరకు రెండేళ్లకొకసారి, తర్వాత ఏటా చేయించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మేవన్నీ బీఎస్6 బండ్లే. పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండి అయితే అప్పుడప్పుడు హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడవాలి. అప్పుడే ఆ మసి కాలిపోతుంది. రోజంతా గేట్ బజారు, గిరి మార్కెట్ మధ్య ఆగి ఆగి నడిచే బండిలో ఫిల్టర్ మూసుకుపోతుంది. యూరియా ద్రవం పోయవలసిన మోడల్ అయితే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. టర్బో ఉన్న ఇంజిన్‌ను ఘాటు ఎక్కగానే ఆపేయకుండా ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వాలి, ఆయిలు గడువు దాటనివ్వకూడదు.

తుఫాను నెలలో కిస్తీ ఆగదు

మన ప్రాంతంలో ఏ అప్పుకైనా ఒక పరీక్ష పెట్టి చూడాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మూడూ అక్టోబరులోనే, పండుగల వ్యాపారం మీద ఉన్నప్పుడే. అలాంటి నెలలో బండి నడవదు, సరుకు ఉండదు, కిస్తీ మాత్రం తేదీకి వస్తుంది. బండి మూడు నెలలు నిలబడినా కిస్తీ కట్టగల డబ్బు చేతిలో ఉంటే పెద్ద ఇంజిన్ గురించి ఆలోచించండి. లేకపోతే ఆ లక్షను చేతిలోనే ఉంచుకోండి. మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు.

అప్పు తప్పనిసరి అయితే ఇల్లు, బంగారం తాకట్టు పెట్టే ముందు ముద్రా పథకం సంగతి బ్యాంకులో అడగండి. వ్యాపారానికి వాడే సరుకు బండ్లకు 10 లక్షల వరకు తాకట్టు లేకుండా అప్పు ఇచ్చే వీలుంది.

చివరగా ఐదు ప్రశ్నలు

షోరూంకు పోయే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ ఐదింటికి జవాబు కాగితం మీద రాయండి.

1. నెలలో సగం కంటే ఎక్కువ రోజులు ఘాటు ఎక్కుతామా?
2. డాలా ముందుగా నిండేది బరువుతోనా, సైజుతోనా?
3. ఎక్కువ ధర బండికి ఆర్‌సీలో పేలోడ్ కూడా ఎక్కువ ఉందా, ఇంజిన్ మాత్రమేనా?
4. తిరుగు లోడు ఖాయంగా దొరుకుతుందా?
5. మూడు నెలలు బండి నిలబడితే కిస్తీ కట్టగలమా?

ఘాటు, బరువు, పేలోడ్, తిరుగు లోడు, చేతిలో డబ్బు, ఐదింటికీ అనుకూలమైన జవాబు వస్తే పెద్ద ఇంజిన్ తీసుకోండి, అది తన ఖర్చు తానే తెచ్చుకుంటుంది. మూడు, నాలుగు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి లేదని వచ్చినా అది సుఖం కోసం పెట్టే ఖర్చు. ఐదో ప్రశ్నకు లేదని వస్తే ఇంకేమీ చూడనక్కరలేదు, చిన్నదే తీసుకోండి. ఏది తీసుకున్నా, కొనే ముందు డీలరును అడిగి లోడుతో ఒకసారి దిగపహండి దాటి తప్తపాణి ఘాటు దాకా నడిపి చూడండి. ఖాళీ బండితో షోరూం చుట్టూ తిప్పితే అన్ని ఇంజిన్లూ బలంగానే ఉంటాయి.

లెక్క వేసుకోవడం కష్టమనిపిస్తే రెండు బండ్ల కొటేషన్లు, బ్యాంకు వడ్డీ కాగితం పట్టుకుని మన సంఘం ఆఫీసుకు రండి. కలిసి కూర్చుని వేద్దాం. సంతకం పెట్టిన తర్వాత వచ్చేకన్నా పెట్టక ముందు రావడం మేలు.